పెద్దకోడలి మోకాలు, చిన్నకోడలి నడుము

పెద్దకోడలి మోకాలి నొప్పిని ఆ ఇంట్లో అందరూ గౌరవించేవారు. ఉతికిన బట్టల బకెట్టు మోసుకుని డాబా ఎక్కడానికి తప్ప మరే పనికీ అడ్డురాని నొప్పి అది. నిజానికి ఆ మోకాలు గుండ్రాయిలా ఉండేది. మెట్ల మాట వినగానే మాత్రం చెయ్యి దానంతటదే దాని మీదికి పోయేది. అందువల్ల బట్టలు ఆరవేసే పని చిన్నకోడలికి దఖలు పడింది. చెప్పుల దుకాణంలో పగలంతా కొనేవారి పాదాల ముందు వంగి వంగి తన నడుము పట్టేసిందని చెప్పిన చిన్నకోడలు, ఇల్లు ఊడ్చి తుడిచే పనిని తోడికోడలికి వదిలేసింది. ఈ పంపకం అత్తగారు స్వయంగా చేసినది. ఎవరి నొప్పి తగ్గితే రెండో పని కూడా వాళ్ల నెత్తిన పడుతుందని ఇద్దరికీ తెలుసు.

పెద్దకోడలు పళ్ల ఆసుపత్రిలో, వచ్చినవారి పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటుంది. ఒకనాడు డాక్టరుగారు పిలిచారని గబుక్కున లేచేసరికి, ఆమెతోపాటు కుర్చీ కూడా లేచింది. దవడ వాచి నోరు తెరవలేక వచ్చిన ఒక పెద్దమనిషి అది చూసి నోరారా నవ్వారు. ఆ సాయంత్రమే ఆమె, టైర్ల దుకాణం పై అంతస్తులో కొత్తవారి కోసం నడిపే వ్యాయామ తరగతిలో చేరిపోయింది. ఇంట్లో మాత్రం ఆసుపత్రిలో పని పెరిగిందని చెప్పింది. మోకాలి నొప్పి మనిషి గెంతడానికి వెళుతోందని తెలిస్తే బకెట్టు మరునాడే చేతికొస్తుంది మరి.

మెట్లు చకచకా ఎక్కి, గోడ పొడవునా అద్దమున్న ఆ హాల్లో వెనక వరుసలో చోటు చూసుకుంది. ముందు ఎవరో వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. ఎంత అవలీలగా వంగిందో అని మెచ్చుకోలుగా చూస్తుండగా ఆ మనిషి తలెత్తింది. అద్దంలో చిన్నకోడలి ముఖం!

పెద్దకోడలు మోకాలు పట్టుకుంది. చిన్నకోడలు నడుము పట్టుకుంది.

"అయ్యో అక్కా! మెట్లెలా ఎక్కారు?"

"పాక్కుంటూ వచ్చానమ్మా. నువ్వెలా వంగావు?"

"వంగలేదక్కా, పడబోయాను."

ఇంతలో పాట మొదలైంది. "కూర్చుని లేవండి!" అంది శిక్షకురాలు. పెద్దకోడలు కొయ్యబారి నిలబడింది. చిన్నకోడలు మాత్రం వెన్ను నిటారుగా నిలిపి, చూసుకోండి నా మోకాళ్లు అన్నట్టు, పాట ఆగేదాకా కూర్చుని లేచింది. ఆ తరువాత ముందుకు వంగి కాలివేళ్లు తాకమన్నారు. ఇప్పుడు చిన్నకోడలు దిమ్మలా కదలలేదు. అంతసేపూ ఉక్రోషం ఆపుకొన్న పెద్దకోడలు, వేళ్లే కాదు, మడమలు కూడా తాకి చూపింది.

శిక్షకురాలు కాలేజీ విడిచి ఎన్నాళ్లో కాని పిల్ల. పాట ఆపి దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మీరిద్దరూ కలిస్తేగానీ ఒక మనిషి వ్యాయామం పూర్తి కావడం లేదు!"

"నాకు మోకాలమ్మా," అంది పెద్దకోడలు.

"నాకు నడుమండీ," అంది చిన్నకోడలు.

"మరి వ్యాయామానికెందుకొచ్చారు?"

"ఈవిడకు తోడొచ్చాను," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

తరగతి ముగిసి దిగుతున్నప్పుడు మెట్ల మలుపులో చిన్నకోడలు ఆగింది.

"అత్తయ్యతో చెబుతారా అక్కా?"

"నువ్వు చెబుతావా?"

"నాకేం పిచ్చా? చీపురు కూడా నాకే ఇస్తారు."

"అయితే నేను నిన్ను చూడలేదు, నువ్వు నన్ను చూడలేదు."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ "మడమలెందుకక్కా తాకడం!" అని చిన్నకోడలు అనడంతో ఇద్దరికీ నవ్వు తెరలు తెరలుగా వచ్చి, టైర్ల దుకాణం వాళ్లు తొంగిచూసేదాకా అక్కడే కూలబడిపోయారు.

ఒప్పందం పకడ్బందీగానే ఉంది. దాన్ని చెడగొట్టింది తెల్లవారడమే. పంతానికి పోయి వంగినందుకు పెద్దకోడలి నడుము కర్రలా బిగుసుకుంది. కిందపడిన చీపురును చూస్తూ నిలబడడమే తప్ప తీయలేకపోయింది. మోకాళ్లు మాత్రం చక్కగా ఉన్నాయి. అటు చిన్నకోడలు బకెట్టుతో మొదటి మెట్టు మీద కాలు మోపి, "అమ్మో!" అని అక్కడే చతికిలబడింది.

కూరలు తరుగుతున్న అత్తగారు కత్తి ఆపారు.

"ఏమే పెద్దమ్మాయీ, మోకాలు కదా నీది? నడుం పట్టుకున్నావేం?"

"నొప్పి... పైకి పాకిందత్తయ్యా."

"మరి నీదేమిటే, చిన్నమ్మాయీ?"

"నాది కిందికి దిగిందండీ."

అత్తగారు ఇద్దరినీ తేరిపార చూశారు. తరువాత, పెదవుల చివర దాగనంటున్న నవ్వును పమిటతో తుడుచుకుని తీర్పు చెప్పారు.

"సరే. ఎక్కగలిగినదానివి బకెట్టు తీసుకో, వంగగలిగినదానివి చీపురు తీసుకో. రేపు మీ నొప్పులు ఎక్కడికి వెళ్లబోతున్నాయో రాత్రే చెప్పండమ్మా, పనులు సర్దుకోవాలి."