సుందరమ్మ చెప్పిన బస్తాల లెక్క

గౌలిపురలో సుందరమ్మ పుట్నాల బట్టి ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. వేగే శనగల వాసన వెంట నడిస్తే చాలు. మొగుడు పోయినప్పటి నుంచి, ఇరవై రెండేళ్లుగా, ఆ వేడి ఇసుకతోనే ఆమె బతుకు. కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. గల్లీలో ఎవరి నోరైనా మూయించగలదు, నాది మరీ సులువుగా.

నేను డానియేలును, కాంట్రాక్టు ఉద్యోగిని. బొగ్గు మీద కర్బన పన్ను వేయబోతున్నారు, ఎవరెంత కాలుస్తున్నారో రాసుకురమ్మని మా ఆఫీసు పంపింది. రోజుకు బస్తా లోపైతే మినహాయింపు. దాటితే చిన్నా పెద్దా తేడా లేదు. ఆ హద్దు పెట్టిన పెద్దమనుషుల్లో ఒక్కడైనా బట్టి ముందు నిలబడ్డాడా అని నాకు అనుమానమే.

"రెండు బస్తాలు రాయి బిడ్డా," అంది సుందరమ్మ మంట ఎగదోస్తూ.

మూలన ఉన్నది ఒకే బస్తా, అదీ సగం ఖాళీ. "ఎక్కువ చెప్తే నీకే నష్టం అమ్మా. నిజం చెప్పు," అన్నాను.

"దినాం గంతే కాలుతది. రాయి!"

రాశాను. వేలిముద్ర తీసుకున్నాను. మనసు కీడు శంకిస్తూనే ఉంది, అయినా ఆమెతో వాదించలేదు. ఆ పిరికితనానికి నన్ను నేను క్షమించుకోలేను.

మూడు నెలలకు నోటీసు వచ్చింది. చదివి చెప్పాను: ఈ పన్ను కడుతూ పోతే బట్టి ఆర్నెల్లు కూడా నడవదు. ఆమె ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని గల్లీ చివరిదాకా లాక్కుపోయింది.

"అర బస్తానే బిడ్డా," అంది గుసగుసగా. "ప్యాకెట్ల పుట్నాలు వచ్చినంక గిరాకీ యాడిది? మండే బట్టి ముంగట తక్కువ లెక్క చెప్పొద్దని మా అత్త ఒట్టేయించుకుంది. చెప్తే బట్టి మల్ల అంటుకోదంట."

అప్పీలు నేనే రాసిపెట్టాను. విచారణ ఒక్కసారే, తర్వాత మార్చేది లేదు. అధికారి వచ్చే రోజు బట్టి ముట్టించొద్దని బతిమాలాను.

"ముట్టియ్యకుంటే మూతపడ్డదనుకోరా?" అని ఆమె పొద్దున్నే ముట్టించింది.

గుమ్మం బయటే మాట్లాడదామన్నాను. అధికారి వినకుండా నేరుగా బట్టి దగ్గరికి నడిచాడు.

"రోజుకు ఎంత కాలుస్తావమ్మా?"

సుందరమ్మ నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత మంట వైపు తిరిగింది.

"రెండు బస్తాలు సారు."

అధికారి రాసుకుని సంతకం చేశాడు.