దూది కుక్కిన సీసా

పలాసలో బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కుకు తగులుతుంది. ఎవరికైనా నోరూరే వాసనే, నాకు మాత్రం కాళ్ళు నిలవవు, ఆటో దొరికేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను.

నా చిన్నతనంలో వేసవి వస్తే మా ఉద్దానం ఊరంతా పనసపండు వాసనే. జీడిమామిడి పళ్ళు తిని గొంతులు పట్టేసుకునేవి, ఇసకలో మంటేసి పిక్కలు కాల్చుకుంటుంటే జీడి నూనె చిమ్మి పెదాలు పొక్కిపోయేవి, అయినా తిట్టడానికి అమ్మ ఇంట్లో ఉండేది కాదు, పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి పోయేది. పరాయి రాష్ట్రాల్లో పనులకు తిరిగిన నాన్న హెచ్.ఐ.వి.తో పోయాడు. అమ్మకూ అదే ఉందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మొక్కు తీర్చుకోవాలని ఊళ్ళో చెప్పి, నెలనెలా టెక్కలి ఆసుపత్రికి వెళ్ళి మందులు తెచ్చుకునేది. సీసా గలగలమంటే మాతోనే ఉండే మేనత్త "ఏటే అది?" అని ఆరా తీస్తుందని, అందులో దూది కుక్కి బియ్యం డబ్బాలో దాచేది.

పాపం అత్తకి అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. తోటపనికి నడుం నొప్పెడితే మాత్రలు మింగేది, అవే తినేశాయని ఊరంతా అనేవారు. మా వీధిలో కాళ్ళు వాచినవాళ్ళు లేని ఇల్లు లేదు. అన్నం తింటూ తింటూ అమ్మ అత్త పాదాలకేసి చూసి ముద్ద కిందపెట్టేసేది.

ఆ వానాకాలం అమ్మకు జ్వరం పట్టుకుంది. దగ్గు, విరేచనాలు, జాకెట్లు వదులైపోయాయి. మందులు వాడుతుంటే ఇలా చిక్కిపోతుందేమిటని నాకు అనుమానం వచ్చింది. బియ్యం తీస్తూ సీసా మూత విప్పి దూది లాగాను. నెలాఖరు, సీసాలో సగం మాత్రలు అలాగే ఉన్నాయి!

"రోజూ మింగితే నా కిడ్నీలూ పోవేటే? అందుకే రోజు ఇడిసి రోజు ఏసుకుంతన్నాను. నానూ మీ అత్తలాగైపోతే నీకు దిక్కెవులే?" అంది అమ్మ.

నన్ను పెంచాలనే ఆ పని చేసింది! నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. మర్నాడే టెక్కలి లాక్కుపోయాను. డాక్టరమ్మ కేకలెయ్యలేదు.

"మద్దిమద్దిలో మానెత్తే ఒంట్లో పురుగు ఈ మందుకి అలవాటు పడిపోద్దమ్మా, ఇంక ఇది పని సెయ్యదు. కిడ్నీల బయం ఉంటే నాకు సెప్పాల గానీ మందు మానెత్తారా?"

రక్తపరీక్షలు చేయించి, కిడ్నీలు బాగానే ఉన్నాయని చూపించి, మందు మార్చింది. అమ్మ తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ దూదే లేకపోతే సీసాలో మాత్రలు తగ్గడం లేదని చప్పుడుని బట్టే పోల్చుకునేదాన్నేమో అని ఇప్పటికీ మండిపోతుంటాను.

అత్త పోయింది. మేం పిక్కలు కాల్చుకున్న తోటను తుపాను ఊడ్చేసింది. అమ్మ ఉంది, సీసా ఇప్పుడు టీవీ పక్కనే ఉంటుంది, దూది లేదు. రోజూ అన్నం వేళకి నేను ఫోన్ చేసి "వేసుకున్నావా?" అంటాను. అమ్మ విసుక్కుంటూ సీసాని ఫోన్ దగ్గర పెట్టి గలగలా ఊపుతుంది.

"ఊపితే సరా, మింగేవా?" అంటాను.

"మింగేనే తల్లీ, ఇంక నువ్ తిను," అంటుంది. అప్పుడు కూర్చుంటాను కంచం ముందు.