ఎడమచేతి ఆలస్యం

టేకులపల్లి మీసేవ సెంటర్‌కి ఆదాయం సర్టిఫికెట్ కోసమో కులం సర్టిఫికెట్ కోసమో వెళ్లినవాళ్లకి పద్మప్రియ గుర్తుండే ఉంటుంది. తలెత్తకుండా టైపు చేస్తుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిదానికి నోరు విప్పదు. ఇరవై ఆరేళ్ల పిల్ల. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం. మిర్చి, పత్తి వేస్తారు. ఊళ్లో వాళ్ల ఇంటిని పెద్దిల్లు అంటారు. ఆ పేరుని వాళ్లు కాస్త ఎక్కువగానే మోస్తారు.

ఆ పిల్లకి ఇంకో లోకం ఉందని ఊళ్లో ఎవరికీ తెలియదు. అక్కడ ఆమె పేరు టేకు. ఇంటి వెనక అడవిలో ఉన్న చెట్టు పేరే పెట్టుకుంది. బయటి దేశాలవాళ్లు అదేదో జపాను పేరనుకుని తెగ ముచ్చటపడ్డారు. వాళ్ల ముచ్చట ఎందుకు చెడగొట్టాలని ఆమె కూడా ఊరుకుంది.

అదొక పాటల ఆట. టాబ్లెట్ తెర మీద ఎనిమిది వరసల్లో పై నుంచి రంగు బిళ్లలు రాలుతుంటాయి. తొవారి అనే బొమ్మ గాయని పాడుతూ ఉంటుంది. బిళ్ల వచ్చి కింది గీతను తాకే క్షణానికి, సరిగ్గా పాట దరువు మీద, ఆ వరసలో వేలు పడాలి. తొందరపడితే ‘ముందు’ అనీ, వెనకబడితే ‘ఆలస్యం’ అనీ తెర మొహం మీదే చెప్పేస్తుంది. చేతికి నాలుగు వేళ్లు, రెప్పపాటులో నాలుగైదు దెబ్బలు. చూసేవాళ్లకి పిచ్చి అనిపిస్తుంది. కొంత పిచ్చే, కాదనడానికి లేదు. కానీ ఆ పిచ్చిలో ఈ దేశం మొత్తం మీద పద్మప్రియను మించినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. తొవారి అభిమానుల గ్రూపులో రెండు వేల మంది ఉన్నారు. టేకు ఆడిన వీడియో పెట్టిందంటే చాలు, ఎక్కడెక్కడివాళ్లో లేచి కూర్చుని చప్పట్లు కొడతారు. ఇంట్లో “ఆ టకటకలు ఆపవే తల్లీ” అన్న మాట తప్ప ఇంకోటి వినని పిల్లకి ఆ చప్పట్లు ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఆ ఎనిమిది వేళ్ల వల్లే ఆమె ఒక మనిషిగా లెక్కకొచ్చింది.

పోయిన ఏడాది జూన్‌లో, తొలకరి పడిన వారంలో, ఎడమచేతి చివరి రెండు వేళ్లకి ‘ఆలస్యం’ అని రావడం మొదలైంది.

ఈ ఆట సెట్టింగుల్లో ఒక సర్దుబాటు ఉంటుంది. కొన్ని ఫోన్లలో పాట కాస్త వెనగ్గా వినిపిస్తుంది కాబట్టి, ఎవరి ఫోన్‌కి తగ్గట్టు వాళ్లు ఆ తేడాను వెంట్రుకవాసి జరుపుకోవచ్చు. అందుకే వేలు తడబడితే ఆటగాళ్లు ముందు ఫోన్‌నే అనుమానిస్తారు, ఒంటిని అనుమానించరు. పద్మప్రియ కూడా టాబ్లెట్ పాతబడిందనుకుని రెండు గీట్లు జరిపింది. ఎడమచేయి సర్దుకుంది. అప్పుడు కుడిచేతికి ‘ముందు’ అని రాసాగింది. మామూలు మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. ఈ పిల్ల వారం రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చుని, కుడిచేతికి ఒక పిసరు ఆగి కొట్టడం నేర్పింది. స్కోరు మళ్లీ నిండుగా వచ్చింది. ఆగస్టులో ఇంకో రెండు గీట్లు, ఇంకో వారం సాధన. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ నేర్పే ఆమె కొంప ముంచింది.

ఎడమ మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఒకటి అప్పటికే ఉంది. దురద లేదు, నొప్పి లేదు. “ఎండకి వచ్చింది, కొబ్బరినూనె రాయి” అంది తల్లి నాగలత. ఒకరోజు ఇస్త్రీ చేస్తుంటే అదే చేతి చిటికెన వేలు కాలి బొబ్బలెక్కింది. కాలిన సంగతి బొబ్బను చూశాక గానీ పద్మప్రియకి తెలియలేదు.

“ధ్యాసంతా ఆ ఆట మీదే! ఒంటి మీద తెలివుంటేగా నీకు!” అని తల్లి తిట్టింది. పద్మప్రియ కూడా నిజమే కాబోలనుకుంది.

సెప్టెంబర్‌లో ఆశా వర్కర్ ప్రమీల రిజిస్టర్ పట్టుకుని వచ్చింది. ఆమెది రెండు కిలోమీటర్ల అవతల అడవి అంచున ఉన్న కోయగూడెం. నాగలత గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

“అమ్మా, ఇంట్ల ఎవలికన్న ఒంటి మీద మచ్చలున్నయా? ముట్టుకుంటే తెల్వకపోవుడు, తిమ్మిరెక్కుడు గిట్ల?”

“దేనికమ్మాయ్ అదంతా?”

“కుష్టు సర్వే అమ్మా. అందరిండ్లల్ల చూస్తున్నం.”

నాగలత మొహం మాడిపోయింది. “మా ఇళ్లల్లో అట్లాంటియ్యి ఉండవు. పోయి మీ గూడేల్లో చూసుకో.”

ప్రమీలకి ఆ మాట తగలకుండా ఉంటుందా? తగిలింది. అయినా దిగమింగుకుంది. “గట్లంటే ఎట్లమ్మా? జల్దీ పట్టుకుంటే ఏం కాదు. మందులు సర్కారే ఇస్తది. ఒక్కసారి అందరి చేతులు చూసి పోత.”

“లేవని రాసుకో” అని నాగలత గేటు వేసేసింది.

పద్మప్రియ వరండాలోనే ఉంది. ప్రతి మాటా విన్నది. విని, చున్నీని మోచేతి మీదికి లాక్కుంది. తల్లిని తిట్టుకోవడం తేలికే. కానీ చున్నీ లాక్కున్న చేయి తల్లిది కాదు. డిగ్రీ చదివిన పిల్ల, రోజూ వందమంది వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పిల్ల, ఒక్క అడుగు ముందుకేసి “అక్కా, ఇది చూడు” అని ఉంటే సరిపోయేది. పెద్దరోగం అన్న మాటే ఆ ఇంటి గడప తొక్కకూడదని ఆమెకి కూడా అంతే భయం.

జనవరిలో గ్రూపువాళ్లు పోటీ పెట్టారు. చేతులు కనబడేలా వీడియో తీసి పంపాలని షరతు. పద్మప్రియ పంపింది. ఇండోనేషియాలో ఉండే వులాన్ అనే అమ్మాయి ఆ వీడియోలు సరిచూస్తుంది. చాలా నిదానస్తురాలు, ఒక్కో వీడియోను నెమ్మదిగా నడిపించి చూస్తుంది. ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టింది.

“టేకూ, తప్పుగా అనుకోకు. ఫోన్‌దే తప్పయితే రెండు చేతులూ ఒకేలా ఆలస్యం కావాలి. నీ కుడిచేయి ప్రతిసారీ ఎడమచేతి కోసం ఆగుతోంది. పైగా నీ చిటికెన వేలు వంగిపోయి ఉంది. నువ్వు చూసుకోలేదా?”

పద్మప్రియ చేయి బల్ల మీద పరిచి చూసుకుంది. చివరి రెండు వేళ్లు పూర్తిగా చాపుకోవడం లేదు. కుడిచేత్తో వాటిని నొక్కి తిన్నగా చేసింది. వదలగానే మళ్లీ వంగాయి. ఏడు నెలలుగా రోజూ ఆ వేళ్లనే చూస్తూ ఒక్కసారి కూడా వాటిని చూడలేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు స్కూటీ మీద కోయగూడెం వెళ్లింది. ప్రమీల వాకిట్లో మొక్కజొన్న కంకులు ఆరబోస్తోంది. పద్మప్రియ ఏమీ చెప్పకుండా చేయి చాచింది. ప్రమీల చీపురు పుల్ల విరిచి, ఆమెను కళ్లు మూసుకోమని మచ్చ మీద తాకించింది.

“తెలుస్తుందా?”

“ఎక్కడ?”

ప్రమీల పుల్ల పారేసి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “అయ్యో బిడ్డా, గప్పుడు ఇంట్లనే ఉన్నవ్ గదా” అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని పద్మప్రియకి అనిపించింది.

ప్రమీల వెంటబెట్టుకెళ్లిన సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ చిన్న వయసుదే, కుష్టేనని దాపరికం లేకుండా చెప్పింది. ఏడాది మందులు వాడితే రోగం పోతుంది, ఎవరికీ అంటదు. వేళ్లను ఆడించే నరం బాగవుతుందని మాత్రం మాట ఇవ్వలేదు. “తిమ్మిరి మొదలైన ఆర్నెల్లలోపు వస్తే వేళ్లు తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఇప్పుడు ప్రయత్నం చేద్దాం. చేతికి రోజూ వ్యాయామం చేయించు” అంది. ప్రమీల గేటు ముందు నిలబడ్డ రోజుకి తిమ్మిరి మొదలై మూడు నెలలే అయింది. ఆ సంగతి పద్మప్రియకీ తెలుసు, ప్రమీలకీ తెలుసు.

ఇంట్లో చెప్పినప్పుడు నాగలత ఏడవలేదు. మూడో కంటికి తెలియకూడదంది. ఆ పూట నుంచే కూతురికి వేరే కంచం, వేరే గ్లాసు వచ్చాయి. అంటదని డాక్టరమ్మ చెప్పిందంటే, “నాకూ తెలుసులే” అంది, కంచం మాత్రం మార్చలేదు. దాచడంలో పద్మప్రియ కూడా తక్కువేం కాదు. గ్రూపులో బండి మీంచి పడ్డానని రాసింది. రెండు వేల మంది తొందరగా కోలుకోమన్నారు. వులాన్ ఒక్కతే ఏ ఆసుపత్రి, ఏం చెప్పారు అని అడిగింది. ఆ మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదు.

ఆర్నెల్లు మందులు మింగింది. పొద్దునా సాయంత్రం వేళ్లకి నూనె రాసి, బల్ల మీద చాపి, ఒక్కొక్కటీ వందసార్లు లేపడానికి ప్రయత్నించింది. ఆటకి పెట్టిన పట్టుదల అంతా దీనికే పెట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు బాగానే ఉన్నాయి. మిగతా రెండూ వస్తున్నాయని ఆమెకి గట్టి నమ్మకం. ఈమధ్య వాటిలో బలం తెలుస్తోందని తల్లికి కూడా చెప్పింది.

జూలైలో భద్రాచలం దవాఖానాలో ఆర్నెల్ల పరీక్షకి నాగలత మొదటిసారి వెంట వచ్చింది. వ్యాయామాలు చేయించే రామ్‌సింగ్ పెద్దాయన. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

“కండ్లు మూసుకో బిడ్డా. చిటికెన వేలుకు, పక్క వేలుకు నడుమ కాయితం పెడుతున్న. నేను గుంజుత. నువ్వు ఇడ్వద్దు.”

పద్మప్రియ కళ్లు మూసుకుంది. ఒంట్లో ఉన్న బలమంతా ఆ రెండు వేళ్లలోకి తెచ్చుకుంది. పళ్లు బిగించింది.

“గుంజండి సార్” అంది. జవాబు లేదు. “ఫర్వాలేదు సార్, గట్టిగా గుంజండి. నేను వదలను.”

పక్కన తల్లి భోరుమంది. పద్మప్రియ కళ్లు తెరిచింది. కాగితం ఎప్పుడో జారి ఆమె చెప్పు పక్కన పడి ఉంది.