వెచ్చటి నేల కోసం ఒక ముద్ర

మలిమవ్వ జీవితంలో ఒక్కసారే ప్రభుత్వం మాట నమ్మింది. ఆ ఒక్కసారికే నడుం విరిగింది.

అంతకుముందు వాళ్లింట్లో వంటపొయ్యి వేడి నేల కిందుగా పాకి పడకగదిని వెచ్చబెట్టేది. ఎండుకొమ్మలు, చొప్ప, చివరికి మొగుడు ఓడిపోయి తెచ్చిన పేకముక్కలు కూడా అందులోనే కాలేవి. ఒకరోజు మండలాఫీసు నుంచి పే అనే కుర్ర గుమాస్తా వచ్చాడు.

"పిన్నిగారూ, రాత్రిళ్లు కరెంటు మిగిలి వృథాగా పోతోంది. రాత్రి కరెంటుతో నడిచే బాయిలరు పెట్టించుకోండి. తెల్లవార్లూ నేల వెచ్చగా ఉంటుంది. దాదాపు ఉచితమే!"

మొగుడు వద్దన్నాడు. "నీకేం, కట్టెలు మోసేది నేను" అని ఆమే గడ్డపార పట్టుకుని పొయ్యి పగలగొట్టింది. పొయ్యి ఉన్న చోటూ, నేల కింది పొగదారులూ సిమెంటుతో పూడ్పించింది.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత రేటు పెరగడం మొదలెట్టాక మళ్లీ ఆగలేదు. ఇప్పుడు కరెంటు మిగలడం లేదట, అందరూ వాడేస్తున్నారట. వాడమన్నదెవరో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఆ పైన రాజధాని సియోల్‌కి కరెంటు మోసే టవరొకటి వచ్చి ఆమె పెర్సిమన్ పళ్లతోట నడుమ కాళ్లు చాపుకుంది. టవరుకి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకానికి బదులు ముద్ర వేసినవాళ్లకి నెలనెలా బిల్లులో తగ్గింపు ఇస్తామన్నారు. ఊరంతా ముద్ర వేసింది. మలిమవ్వ మాత్రం తన పేరు చెక్కిన కొయ్యముద్రను కారం డబ్బాలో దాచేసింది. ఆ చలికాలమే మొగుడు, బిల్లుకి జడిసి బాయిలరు ఆపేసిన చల్లటి నేల మీద పోయాడు. ఆ సంగతి ఆమె ఎత్తదు. ఎదురుపడ్డవాళ్లని ఇంకేదో వంకతో తిడుతుంది.

ఈ ఏడు పే మళ్లీ వచ్చి, టోపీ తీసి దండం పెట్టాడు.

"అప్పుడు నీకు నెత్తిన జుట్టుండేది, మాట మీద నమ్మకముండేది. రెండూ ఊడిపోయాయే!" అంది అవ్వ.

"పైవాళ్లు చెప్పమన్నదే చెప్పానవ్వా. ఊళ్లో మీరొక్కరే మిగిలారు. ముద్ర వేస్తే వచ్చే నెల నుంచే తగ్గింపు."

అవ్వ మాడిపోయిన ట్యూబులైటు చంకన పెట్టుకుని అతన్ని తోటలోకి నడిపించింది. పొద్దు గుంకింది. టవరు తీగల కింద నిలబడి ట్యూబు పైకెత్తింది. ఏమీ తగిలించకుండానే, పైన తీగల్లో పారే కరెంటు ధాటికే అది ఆమె చేతిలో మసకమసగ్గా వెలిగింది.

"దీని బిల్లు ఎవరికి పంపుతావురా?"

పే టోపీ పెట్టేసుకున్నాడు.

"ముద్రా లేదు, గిద్రా లేదు. పోరా!"

అంత మాటన్న మనిషికి వారం తిరక్కుండానే మనవరాలు హేరిన్ ఫోను చేసింది. తాత తద్దినానికి నాలుగు నెలల పాపను తెస్తుందట.

"అవ్వా, నేల వెచ్చగానే ఉంటుందిగా? పాపకి జలుబు."

"ఉండకేమే! నేల మీద అట్లు పోసుకోవచ్చు."

ఫోను పెట్టేసి పడకగదిలో వట్టికాళ్లతో నిలబడి చూసింది. అరికాళ్లు జివ్వుమన్నాయి.

పొద్దున్నే కారం డబ్బా పట్టుకుని మండలాఫీసుకు నడిచింది. ముద్ర గుద్దితే కాగితానికి పేరుతో పాటు కారమూ అంటుకుంది. పే కళ్లు మండి నీళ్లు కారాయి.

"తుడుచుకో. నా కోసం ఏడ్చావనుకుంటారు."

తద్దినం నాడు అట్లు పోసేంతగానే కాలింది నేల. పాప కాళ్లూ చేతులూ బార్లా చాపి నిద్రపోయింది. అవ్వ మొగుడి ఫొటో ముందు బియ్యపు సారా పోసి, "నీ కోసం వెయ్యని ముద్ర ఈ పసిదాని కోసం వేశాను. తిట్టుకో" అంది.

తర్వాతి నెల బిల్లొచ్చింది. తగ్గింపు అని ఒక వరసలో తీసేశారు, కొత్త రేటు అని కింది వరసలో కలిపేశారు. మొత్తం మునుపటికన్నా కొంచెం ఎక్కువే.

అవ్వ ఎవర్నీ తిట్టలేదు. బాయిలరు ఆపేసి, మేజోళ్ల మీద మేజోళ్లు తొడుక్కుంది. కారం డబ్బాలోంచి ముద్ర తీసింది. కొయ్యదే కదా, పొయ్యిలో కాల్చి పారేద్దామని వంటింట్లోకి వెళ్లింది.

పొయ్యి ఉండే చోట సిమెంటు ఉంది.