రాణిగారి తలవైపు దీపం

ఆ రోజుల్లో నా లెక్కన లోకంలో రెండే రకాల మనుషులు. వేదికమీద నిలబడేవాళ్ళు, కింద కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదటి రకంలో పుట్టాల్సిన నేను ఏదో పొరపాటున జువ్వలదిన్నె పక్కన చేపలుపట్టే ఇంట్లో పుట్టానని నా గట్టి నమ్మకం. పొద్దున్నే అమ్మ చేపల గంపతో కావలి మార్కెట్టుకు వెళ్ళే ఆటోలోనే నేనూ డిగ్రీ కాలేజీకి వెళ్ళేదాన్ని. గంప మార్కెట్టు దగ్గర దిగిపోయినా దాని వాసన మాత్రం నాతోపాటు క్లాసు దాకా వచ్చేది. (అందువల్ల నా బెంచీలో ఎప్పుడూ కాళ్ళు చాపుకునేంత చోటుండేది. రాణులకు ఆమాత్రం చోటు అవసరమే కదా అని సరిపెట్టుకునేదాన్ని.) ముక్కు మూసుకోకుండా నా పక్కన కూర్చునేది ఒక్కతే, బడిగంట. అది మేం పెట్టిన పేరు. ఆ పిల్ల గొంతు విప్పితే గేటు దగ్గర కునికే వాచ్‌మన్ కూడా ఉలిక్కిపడేవాడు.

రెండో సంవత్సరంలో వార్షికోత్సవానికి మా తెలుగు లెక్చరర్ కండువా సారు (రోహిణి కార్తెలో కూడా కండువా తియ్యని మహానుభావుడు) ఒక విషాద నాటకం రాశారు. అందులో ఒక సామంతుడి భార్య మొగుణ్ణి ఎగదోసి, బావగారిని అడవులకు తరిమి, సింహాసనం ఎక్కుతుంది. చివరికి బావగారు సైన్యంతో తిరిగొస్తాడు. మొగుడు ఓడిపోయి ఇంటికి చేరేసరికి ఆవిడ విషం తాగేసి ఉంటుంది. సారుకు సహజత్వం పిచ్చి. రాణిని దక్షిణం తలగా పడుకోబెట్టాలి, మెడలో దండ వెయ్యాలి, తలవైపు దీపం పెట్టాలి, పక్కన రాజు తనివితీరా ఏడవాలి. రాణి వేషం బడిగంటకు ఇచ్చారు. నాకిచ్చింది మూడో చెలికత్తె. "చిత్తం మహారాణీ" అన్న ఒక్క మాట. దాన్ని నేను పదకొండు రకాలుగా సాధన చేశాను, ఏడుస్తూ అనడంతో సహా. సారు మాత్రం, "అమ్మాయ్, మామూలుగా అను చాలు" అన్నారు.

నవ్వుకోండి గానీ, ఆ రాణి వేషం దక్కకపోవడం నాకు ప్రాణం మీదికొచ్చినంత పనైంది. ముక్కులు మూసుకున్న ఆ క్లాసంతా ఒక్కసారి లేచి నిలబడి నాకు చప్పట్లు కొట్టాలి. అంతకుమించి దేవుణ్ణి నేనేమీ అడగలేదు. దేవుడు పలక్కపోయేసరికి ఒక ఆదివారం ఎండు రొయ్యలు పొట్లం కట్టుకుని బడిగంట వాళ్ళ అవ్వను చూడబోయాను. అమాయకంగా ముఖం పెట్టి, "మీ మనవరాలు చచ్చిపోయే సీను చూడాల అవ్వా! దండేసి, తల కాడ దీపం పెడితే నిజం పీనుగ మాదిరే ఉంటాది" అన్నాను. అవ్వ చేతిలో రొయ్యలు చేతిలోనే ఉండిపోయాయి. "పెండ్లి కావాల్సిన బిడ్డకు తల కాడ దీపమా? ఎవురు మే ఆ అయివోరు, వాడికి ఆడబిడ్డలు లేరా?" అని శివాలెత్తింది.

సోమవారం బడిగంట ఉబ్బిన కళ్ళతో వచ్చింది. "అవ్వ ఒప్పుకోలేదు మే. నువ్వు చెయ్యి, మాటలన్నీ నీకూ వచ్చు గదా" అంది. మర్యాదకోసం రెండుసార్లు వద్దన్నాను, మూడోసారి అడుగుతుందో లేదోనన్న భయంతో ఒప్పేసుకున్నాను. పాపం, తెర వెనక నిలబడి మాటలు అందించే పని తను తీసుకుంది. ఇక మా ఇంట్లో సంగతంటారా, అమ్మకు రాణి వేషమని చెప్పాను, చివరి అంకం చెప్పలేదు. "నేనూ వస్తానే" అంటే, "పెద్దోళ్ళని రానియ్యరంట మా" అని ఒక చిన్న అబద్ధం కూడా ఆడాను. (దీపం సంగతి తెలుస్తుందని కొంత భయం. గంపతో వచ్చేస్తుందని మిగతా భయం. ఏది ఎక్కువో ఇప్పుడు అడక్కండి.)

వార్షికోత్సవం సాయంత్రం నేను మొగుణ్ణి ఎగదోశాను, బావగారిని తరిమాను, అట్ట సింహాసనం కిర్రుమనేలా కూర్చున్నాను. చప్పట్లు మొదలయ్యాయి కూడా. మహారాణి చూపుతో సభను పరికిస్తే ముందు వరసలో మా అమ్మ! మార్కెట్టునుంచి నేరుగా వచ్చినట్టుంది, గంప కుర్చీ కింద ఉంది. నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆ క్షణంలో నేను తాగబోయేది నిజం విషమైనా బాగుండుననిపించింది. వేరే దారి లేక తాగాను, పడ్డాను. దండ వేశారు. దీపం పెట్టారు. కామర్స్ గ్రూపు రాజు నా చెయ్యి పట్టుకుని ఏడుపు అందుకున్నాడో లేదో, కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడైంది.

"లెయ్ మే! పెండ్లి కావాల్సిన పిల్లకు దక్షిణం తలా!" అంటూ అమ్మ మెట్లెక్కేసింది. దండ లాగి పారేసింది. రాజువైపు తిరిగి, "నువ్వెవుడబ్బయా నా బిడ్డ చెయ్యి పట్టుకోనేదానికి?" అని నిలదీసింది. వాడు కిరీటం చేత్తో పట్టుకుని తెర వెనక్కి దూరాడు. చచ్చిపోయిన నేను కళ్ళు మూసుకునే, "పో మా, పో మా" అని బతిమాలుతున్నాను. అమ్మ వింటేనా? జుట్టు పట్టి లేపి, గేటు దగ్గర కుళాయి దాకా లాక్కుపోయి, అద్దె పట్టుచీరతో సహా తలమీద బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. పీనుగలా పడుకున్నది తల తడవకుండా ఇంటి గడప తొక్కకూడదట. నేను కోరుకున్నట్టే సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కాకపోతే మా అమ్మకు.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు. బడిగంట ఇప్పుడు కృష్ణపట్నంలో ఒక ఆఫీసులో పనిచేస్తోంది. నేను చిన్నపిల్లల బళ్ళో టీచర్ని. మొన్న ఫోన్‌లో మాటల మధ్య నాకు పాపభీతి పుట్టి, రొయ్యల పొట్లం సంగతి చెప్పేశాను.

"అవ్వ ఆ రోజే చెప్పింది లే. మరి మీ అమ్మను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది ఎవురనుకున్నావు?" అంది. అదే గొంతు, ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. నవ్వి నవ్వి చివరికి మెల్లగా, "ఆ పొద్దు గేటు కాడే నిలబడుండింది మే మీయమ్మ, లోపలికి రానియ్యరంట గదా అని" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, నా రాణి వేషం ఎలా ఉందని పన్నెండేళ్ళలో మొదటిసారి అమ్మను అడిగాను. "సచ్చేదాకా బాగానే చేసినావు" అని, అన్నం కలుపుతూనే మొదటి అంకంలో నా మాటలన్నీ వరసగా అప్పజెప్పింది. ఒక్కటీ తప్పలేదు. మహారాణి ఎంగిలి చేత్తోనే చప్పట్లు కొట్టింది.