సుక్రి నీళ్లు తాగిన వైనం

1998 జూన్‌లో నన్ను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా జి.మాడుగుల వైపు ఒక సెక్టారుకు వేశారు. ఆర్డరు చదివి వినిపించగానే మా అత్తగారు మన్యం జ్వరాలు తలుచుకుని వంటింట్లోంచే ఏడుపు లంకించుకున్నారు. మాది విజయనగరం పక్క పల్లపు ఊరు. కొండ మీద పోస్టింగంటే మావాళ్ల లెక్కలో పనిష్మెంటే. మా ఆయన మాత్రం రెండేళ్లు కళ్లు మూసుకుంటే గడిచిపోతాయని ధైర్యం చెప్పారు. ఆ రెండేళ్లు పదకొండేళ్లయ్యాయి. నేను కళ్లు మూసుకున్నది మాత్రం ఘాట్‌రోడ్డు మలుపుల దగ్గరే.

మా శాఖలో అంతస్తులు ఇవీ: ఊళ్లో సెంటరు నడిపే వర్కరు, ఆమెకు సాయంగా వండిపెట్టే ఆయా, ఇరవై పైచిలుకు సెంటర్లకు ఒక సూపర్‌వైజరు, మా అందరి నెత్తిన సీడీపీవో అనే ప్రాజెక్టు అధికారి. సూపర్‌వైజరు పని ఊరూరా తిరగడం. పిల్లల్ని స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి తూకం చూడాలి, ఆ తూకం కార్డు మీద చుక్కగా పెట్టాలి, చుక్క కిందికి జారితే కారణం వెతకాలి, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పాలి. ఆఖరిది నాకు మహా ఇష్టం. చెప్పడం మొదలెడితే ఆపడం ఉండదు నాకు.

చేరిన మొదటి వారంలోనే నా ముందు పనిచేసిన సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచి, రిజిస్టర్లలో ఎక్కడా రాయని రూలు ఒకటి చెప్పింది. టూరు రోజున నీళ్లు తాగకూడదు. పొద్దున గదిలో ఒక గ్లాసు, మళ్లీ సాయంత్రం గదికి చేరాకే. ఎందుకంటే ఆ రోజుల్లో దారిలో ఎక్కడా ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. సెంటర్లలో లేదు, స్కూళ్లలో లేదు. ఎక్కే జీపులో పద్దెనిమిది మంది ఉంటారు, డ్రైవరు పక్కన నలుగురు మగవాళ్లు. ఎవరితో చెప్పుకుంటాం? ఏ ఇంటికి వెళ్లినా ముందు ఎండిన ఆనపకాయ బుర్రతో చల్లటి నీళ్లు ముంచి ఇస్తారు కదా, అప్పుడు ఏమనాలో కూడా నేర్పింది. అరచెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ, "వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాను" అనాలి. నేను బుద్ధిగా నేర్చుకున్నాను. ఆరు నెలల్లో ఎన్ని వందల సార్లు అన్నానో.

నేను చెప్పే ఊరు రోడ్డు మీదే ఉంటుంది. పై ఊళ్లకు నడిచే దారి అక్కణ్నుంచే మొదలు, తిరుగు జీపు కోసం కూర్చునేదీ అక్కడే. సెంటరుకు సొంత బిల్డింగు లేదు. సోములమ్మ అనే ముసలమ్మ ఇంటి ముందు వసారాలో నడిపేవారు. వర్కరు కాంతమ్మ అదే ఊరి పిల్ల, చురుకైనది. వారంలో మూడు రోజులు నేను ఆ వసారాలో కూర్చునేదాన్ని. సోములమ్మ మనవరాలు సుక్రికి అప్పటికి రెండున్నరేళ్లు. నేను జీపు దిగితే చాలు, పరిగెత్తుకొచ్చి నా బ్యాగు పట్టుకుని నేను తిరుగు జీపు ఎక్కేదాకా వదిలేది కాదు.

డిసెంబరులో సుక్రి తూకం చుక్క కిందికి జారింది. ఆరా తీస్తే, పిల్లకు విరేచనం కాక నాలుగు రోజులు. ఒంటికి వెళ్లినప్పుడు మంటని ఏడుస్తోంది. వెంటనే తల్లి చిలకమ్మ చేత ఎత్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరు చూసి, ఈ పిల్ల రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుందని అడిగాడు. తాగదు, బతిమాలినా తాగదు, చోడి (రాగి) అంబలి నాలుగు గుక్కలు తప్ప నోట్లోకి తడి పోదు అంది చిలకమ్మ. డాక్టరు మందు ఇచ్చి, నీళ్లు పడకపోతే మందు ఒక్కటే ఏమీ చెయ్యలేదన్నాడు. పది రోజుల్లో మార్పు కనబడకపోతే విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాస్తానన్నాడు.

చిలకమ్మ మొహం మాడిపోయింది. అవి కాఫీ పళ్లు కోసే రోజులు, ఏడాదికి ఆ ఇంటికి అదే ఆధారం. ఇంటికొచ్చి చెప్తే సోములమ్మ గుండెలు బాదుకుంది. ఆవిడ మొగుణ్ని ఎప్పుడో ఆ ఆసుపత్రికే దింపారట, తిరిగి రాలేదు. "నా గుంటని పట్నం దించనివ్వను. సత్తే కొండ మీదే సత్తాది" అని మనవరాలి కోసం ఆవిడ పట్టు. నేను చిరాకుపడ్డాను, కానీ లోపల నాకూ భయం వేసింది. "పట్నం అక్కర్లేదు మామ్మా, పది రోజుల్లో దీనిచేత నీళ్లు తాగించే పూచీ నాది" అన్నాను. అనేశాక తెలిసింది ఎంత మాట అన్నానో.

మొదటి ప్రయత్నం శాఖాపరమైనది. నీళ్ల మీద ఒక పాట కట్టి, అభినయంతో సహా వసారాలో పాడాను. పదిహేను మంది పిల్లలూ గంతులేశారు, అందరూ నీళ్లు తాగారు, సుక్రి కూడా బ్రహ్మాండంగా గంతులేసింది. నీళ్లు మాత్రం తాగలేదు. రెండోది, పాడేరు సంత నుంచి బాతు బొమ్మ ఉన్న ప్లాస్టిక్ గ్లాసు కొని తెచ్చాను. చాలా సంతోషించి అందులో కోడిపిల్లని పెట్టుకుంది. కోడిపిల్ల తాగింది. మూడో ప్రయత్నం నాకు తెలియకుండా కాంతమ్మ చేసింది. సంతలో దొరికే రంగు పొడి, పంచదార కలిపి ఇచ్చింది. సుక్రి రెండు గ్లాసులు గటగటా తాగేసి, ఆ పూట అంబలి ముట్టలేదు. మర్నాడు ఊళ్లో పిల్లలంతా ఎర్ర నీళ్లు కావాలని మామూలు నీళ్లు మానేశారు. ఒకత్తి చేత తాగించబోతే పదిహేను మంది మానారు. డాక్టరుకు తెలిసి, పళ్లూ పోతాయి ఆకలీ పోతుంది, ఇంకోసారి ఆ పొడి కనబడితే మీ సీడీపీవోకి ఉత్తరం రాస్తానని నాకు కబురు పెట్టాడు. నాలుగోది సోములమ్మ పద్ధతి: ముక్కు మూసి పోయడం. అది నేనే ఆపించాను. ఊపిరితిత్తుల్లోకి పోతే అసలుకే మోసం. పైగా బుర్ర కనబడితేనే పిల్ల పారిపోవడం మొదలెట్టింది.

అప్పటికి ఆరు రోజులు అయిపోయాయి. నా గదిలో పడుకుని చిలకమ్మ మొహమే తలుచుకున్నాను. పూచీ నాది అన్న నోటిని నాలుగు తిట్టుకున్నాను.

ఏడో రోజు నా టూరు ప్రోగ్రాంలో ఆ ఊరు లేదు. మనసు ఒప్పక, పొద్దున్నే పాల వ్యాను పట్టుకుని దిగాను. వసారా పక్కన కాంతమ్మ నిలబడి, లోపలికి చూస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఏమిటని నేనూ తొంగిచూశాను.

సుక్రి మేడం ఆట ఆడుతోంది. భుజానికి చోళ్ల సంచి తగిలించుకుంది, అది నా బ్యాగు. చేతిలో పుల్ల, అది నా పెన్ను. ఎదురుగా బుట్టలో కోడిపెట్ట, దాని తూకం చూసి, చాలా అసంతృప్తిగా తలాడించి, విస్తరాకు మీద చుక్క పెట్టింది. కోడికి వేలు చూపిస్తూ ఏదో ఉపన్యాసం ఇచ్చింది. ఇది చూసి నాక్కూడా నవ్వొచ్చింది. ఇంతలో సోములమ్మ బుర్రతో నీళ్లు తెచ్చి మూతి దగ్గర పెట్టింది. సుక్రి అరచెయ్యి అడ్డం పెట్టి, మెడ కాస్త పక్కకు వాల్చి, నవ్వుతూ అంది కదా:

"వద్దమ్మా, ఇప్పులే తాగొత్తాను."

ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. ఆ పిల్లకు వచ్చిన తెలుగు నాలుగు ముక్కలు. అందులో పూర్తి వాక్యం ఇదొక్కటే, అదీ నాది. నా చెయ్యి, నా మెడ, నా నవ్వు. నాకు తల తీసేసినంత పనైంది. కాంతమ్మ ఇక ఆపుకోలేక అరుగు దిగి పెరట్లోకి పరిగెత్తింది.

సోములమ్మ నన్ను చూసింది. ఆవిడ నవ్వలేదు.

"గుంట తాగదని ఆరు రోజులబట్టి మా మీద పడి ఎగురుతన్నావు. నువ్వేటి సేత్తన్నావమ్మా? ఆరు నెల్లయింది మా ఇంటికొచ్చి, ఒక్కనాడు మా నీల్లు ముట్టినావా? సూదులేసే నర్సమ్మా ముట్టదు. మా సేతి నీల్లు మీకు పనికిరావని మాకు తెల్దేటి? తెలిసే ఊరుకున్నాం."

పాటలో అభినయాలు, బాతు బొమ్మ గ్లాసులు అన్నీ నా కళ్లముందు తిరిగాయి. ఆరు నెలలు నేను మర్యాద అనుకుని నవ్వుతూ అన్న మాట ఆ ఇంట్లో ఇంకోలా దిగిందన్నమాట. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, అది నేనే. సిగ్గు విడిచి అసలు సంగతి ఆవిడ చెవిలో చెప్పాను.

సోములమ్మ నవ్వింది చూడండి, బుట్టలో కోడి లేచిపోయింది. "ఓలమ్మో! దానికా! కొండంత కొండుంది గదమ్మా!" అని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నవ్వు ఆగాక ఇంటి వెనక కాఫీ చెట్ల చాటున ఒక చోటు చూపించి, తను కర్ర పట్టుకుని కాపలా ఉంటానంది. ఉంది కూడా. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నా టూరు డ్యూటీలో ఆవిడది అనధికారిక పోస్టు.

ఆ రోజు వసారాలో కూర్చుని, సుక్రి చూస్తుండగా, బుర్రెడు నీళ్లు ఎత్తి తాగాను. ఆరు నెలల దాహం కదా, నిజంగానే బాగున్నాయి. "ఇంకొంచెం పొయ్యి మామ్మా" అన్నాను. సుక్రి నన్ను చూసింది, బుర్రను చూసింది. ఆట మారిందని దానికి అర్థమయింది. సంచి సర్దుకుని, పుల్ల చెవి మీద పెట్టుకుని, చెయ్యి చాచింది. నేను కదలలేదు, మాట్లాడలేదు, ఎవర్నీ చప్పట్లు కొట్టనివ్వలేదు. రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకుని, "ఇంకొంచెం" అంది. చిలకమ్మ తలుపు వెనక నిలబడి ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోను.

మిగిలిన మూడు రోజులూ పని పద్ధతిగా చేశాం. సోములమ్మ పిల్ల చేతికి సరిపోయే చిన్న ఆనపబుర్ర ఒకటి ఎండినది తీసి కోసి ఇచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లు మూత పెట్టిన చిన్న కుండలో, సుక్రి చేతికి అందే ఎత్తున పెట్టాం. తాగు తాగు అనడం మానేశాం. నిద్ర లేచాక, ఆట మధ్యలో, అన్నం దగ్గర పెద్దవాళ్లు ముందు తాగడం, బుర్ర పక్కన పెట్టేయడం, అంతే. ఒక్కసారే బుర్రెడు కాదు, రెండేసి గుక్కలు, చాలాసార్లు. అంబలి పల్చగా కాచాం, బొప్పాయి ముక్కలు, దోసకాయ ముక్కలు చేతికిచ్చాం. పదో రోజున డాక్టరు దగ్గర పిల్ల నవ్వుతూ మందు సీసాతో ఆడుకుంది. డాక్టరు పట్నం చీటీ రాయలేదు. ఏం చేశారని అడిగితే, నేను నీళ్లు తాగానని చెప్పాను. వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు.

అసలు పరీక్ష నాకు ఏడో రోజు సాయంత్రమే జరిగింది. మూడు బుర్రలు తాగి జీపెక్కాను. నాలుగు మలుపులు తిరిగేసరికి దేవుళ్లందరూ గుర్తొచ్చారు. ఇక లాభం లేదని డ్రైవరును ఆపమన్నాను. ఎందుకన్నాడు. ఇక్కడో ఇల్లు విజిట్ చెయ్యాలన్నాను. చుట్టూ అడవి తప్ప ఇల్లేదీ లేదు. అతను నోరు తెరిచేలోగా వెనక కూర్చున్న నర్సమ్మ, తనకూ ఆ ఇంట్లో పనుందంది. తర్వాత ఒక టీచరు. తర్వాత సంతకెళ్లొస్తున్న ముగ్గురు ఆడవాళ్లు. జీపులో ఆడవాళ్లమంతా దిగిపోయాం, మగవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆ మర్నాటి నుంచి ఆ మలుపు దగ్గర జీపు దానంతట అదే ఆగేది. కండక్టరు కుర్రాళ్లు దానికి మేడం స్టాపు అని పేరు పెట్టారు. పేరు మాసిపోలేదని ఈమధ్యే విన్నాను.

సెంటర్లకు మరుగుదొడ్లు కావాలని ఆ నెల సెక్టారు మీటింగులోనే కాగితం పెట్టాను. ఆ కాగితం ఫైల్లో పడుకుంది, ఏటేటా లేపుతూనే వచ్చాను. మొదటిది కట్టేసరికి సుక్రి హైస్కూల్లో ఉంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. పసిపిల్లలు మనం చెప్పింది వినరు, చేసింది చేస్తారు. పిల్ల నీళ్లు తాగడం లేదంటే ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు తాగారో చూడాలి. వాళ్లు తాగడం లేదంటే ఎందుకో అడగాలి. అడగకుండా పాటలు కట్టకూడదు.

తనిఖీ నివేదికలో మొదటి వాక్యంగా వచ్చిన తేదీ, వేళ రాయాలని నియమం. ఆ తర్వాత రెండో వాక్యం నేను కలిపాను. ఇది ఎందుకని ఇద్దరు సీడీపీవోలు ఎర్ర సిరాతో కొట్టేశారు, నేను మళ్లీ రాశాను. రిటైరయ్యే రోజుదాకా రాశాను: "ఈ ఊళ్లో నీళ్లు తాగాను."