నాగేశ్వరరావుకి చెప్పని కబురు

పదేళ్లుగా ఒకరి కబురు నా దగ్గరే ఉండిపోయింది. ఉత్తరమైతే ఎప్పుడో చించి పారేసేవాణ్ణి. నోటిమాట. చించడానికి లేదు, పారేయడానికి లేదు. నేను నవ్వించే మనిషినని మావాళ్లందరికీ గట్టి నమ్మకం. పెళ్లిళ్లలో నా చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చుని మాల్దీవుల సంగతులు చెప్పమంటారు. చెప్తాను. ఈ ఒక్కటి తప్ప. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

తొంభైల చివర్లో అక్కడొక దీవిలో లెక్కలు చెప్పేవాణ్ణి. దీవి అనగానే పెద్దగా ఊహించుకోకండి. నేను ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డునుంచి నాగేశ్వరరావు చిరంజీవ అనేవాడు. వాడు సైన్సు మాస్టారు. పాలకాయతిప్ప దగ్గర, సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పెద్దకొడుకు. నాది బందరు. దీవి మొత్తానికి తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. చుట్టరికమేమీ లేకపోయినా మొదటి వారంలోనే బావా అంటే బావా అనేసుకున్నాం. పొద్దున చేప, మధ్యాహ్నం చేప, రాత్రి చేప. మూడో నెలకి వీపుమీద పొలుసులు మొలుస్తున్నాయని అనుమానం వచ్చి వాడికి చూపించుకున్నాను. పరీక్షగా చూసి, లేత పొలుసులే, తోమితే పోతాయన్నాడు.

అక్కడ కాలాలు రెండే. పడమటిగాలి మొదలైతే నెలల తరబడి వాన. రేకులమీద ఆ మోతకి నేను చెప్పే ఎక్కాలు పక్క దీవివాళ్లకి వినబడేవేమోగాని నా క్లాసుకి వినబడేవి కావు. తూర్పుగాలి తిరిగితే సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉండేది. మాకు మాత్రం మూడో కాలం ఒకటుండేది, సెలవు. మేము చేరకముందు ఏడాది ఒకే ఊరి మాస్టార్లిద్దరు సెలవుకని వెళ్లి మళ్లీ మొహం చూపించలేదట. అందుకని హెడ్‌మాస్టారు మా ఇద్దర్నీ ఒకేసారి వదిలేవాడు కాదు. ఒకరు వెళ్తే రెండోవాడు జామీను. ఆ ఏడాది వంతు నాది. ఇల్లు చూసి రెండేళ్లయింది. గోడమీద గీతలు గీసి రోజుకొకటి కొట్టేస్తుండేవాణ్ణి.

దీవికంతటికీ ఆఫీసులో ఒక్కటే ఫోను. అందులో తెలుగు వినబడితే గుమస్తా సైకిలేసుకుని బడికొచ్చి, మా ఇద్దరిలో ఎవరు ముందు కనబడితే వాళ్లని ఎక్కించుకుపోయేవాడు. ఎవరికొచ్చిన ఫోనైనా ఒకరం విని రెండోవాడికి చెప్పడం మా పద్ధతి. రెండేళ్లలో ఒక్క కబురూ తప్పలేదు.

నా పడవకి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం గుమస్తా వచ్చాడు. నేను కనబడ్డాను.

అవతల నాగేశ్వరరావు తమ్ముడు శీను. బందరు ఎస్టీడీ బూత్ నుంచి. నాన్నకి పక్షవాతం వచ్చిందని, అవనిగడ్డ నుంచి బందరు ఆసుపత్రికి తెచ్చామని, మాట తడబడుతున్నా పెద్దోడేడీ అని అడుగుతూనే ఉన్నాడని, మీటరు తిరిగిపోతోంది కాబట్టి గబగబా చెప్పేశాడు. మర్చిపోకుండా చెప్పండి మాస్టారూ అన్నాడు. చెప్తానన్నాను.

బడికి తిరిగొచ్చేసరికి వాడు పిల్లలకి ఏదో బొమ్మ వేసి చూపిస్తున్నాడు. గుమస్తా రావడం వాడు చూడలేదు. చెప్పాలి. చెప్తే పడవెక్కేది వాడు, ఉండిపోయేది నేను. సాయంత్రం చెప్దామనుకున్నాను, సాయంత్రం రేపు చెప్దామనుకున్నాను, రేపొచ్చాక పక్షవాతం వచ్చినవాళ్లు ఎంతమంది లేచి తిరగడం లేదు అనుకున్నాను, ఆ తర్వాత అసలేమీ అనుకోకుండా పెట్టె సర్దుకున్నాను. ఎవరైనా నన్ను ఆపి ఉంటే బాగుండేదా? ఎవరు ఆపుతారు? తెలిసింది నాకొక్కడికే.

పడవదాకా నా పెట్టె వాడే మోశాడు. వీలుంటే ఒకసారి నాన్నని చూసి రమ్మన్నాడు.

ఆ ఆసుపత్రి మా ఇంటికి పావుగంట నడక. ఒకసారి గేటుదాకా వెళ్లాను. లోపలికెళ్తే శీను అడిగే మొదటి మాట అన్నయ్యేడని. వెనక్కొచ్చేశాను. ఆ ఐదు వారాల సెలవులో ఏం తిన్నానో నాకు గుర్తులేదు. పొలుసుల కథ చెప్పి వీధి వీధంతా నవ్వించడం మాత్రం గుర్తుంది.

శీను ఫోను చేశాక వాళ్ల నాన్న పన్నెండు రోజులు బతికాడు. పడవ, విమానం, రైలు, బస్సు అన్నీ కలిపినా నాలుగు రోజుల ప్రయాణం. నేను లెక్కల మాస్టార్ని.

అన్నయ్య వస్తున్నాడనే శీను రోజూ బస్టాండుకెళ్లి చూశాడట. పోయాక మళ్లీ ఫోను చేస్తే ఈసారి నాగేశ్వరరావే ఎత్తాడు. నేను తిరిగొచ్చిన రోజు వాడు పడవ దగ్గరికొచ్చాడు.

"బావా, నువ్వు బయల్దేరే ముందు శీను ఫోన్ చేశాడంట. నీతోనే మాట్లాడానంటున్నాడు."

"నాతోనా? ఎప్పుడు?"

"అంటే చెయ్యలేదుగా?"

"చేస్తే నీకు చెప్పనా బావా?"

"అదే నేనూ అన్నాను వాడితో."

చూశారా, నేను అబద్ధమాడలేదు. ప్రశ్నలు వేశానంతే. ఇన్నేళ్లూ ఈ తెలివి నన్ను కాపాడుతుందనుకున్నాను. కాపాడలేదు.

అన్నదమ్ములకి మాటల్లేకుండా పోయాయి. నాన్న ప్రాణం మీదికొస్తే కబురు చెయ్యకపోగా చేశానని బొంకుతాడా అని వీడు. నా మాటకన్నా పరాయివాడి మాట ఎక్కువైందా అని వాడు. నాగేశ్వరరావు తిరిగొచ్చి గుడివాడలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో నేను ఎన్నిసార్లు భోంచేశానో లెక్కలేదు. శీను గుమ్మం తొక్కలేదు.

పోయిన నెల నాగేశ్వరరావు నాకు ఫోన్ చేశాడు. గొంతులో చెప్పలేనంత సంతోషం. శీను వచ్చాడట. గుమ్మంలోనే నిలబడి, ఆవేళ కంగారులో నీకు ఫోన్ చెయ్యలేదన్నయ్యా, తప్పైపోయిందన్నాడట. ఇద్దరూ కూర్చుని అన్నం తిన్నారట. చివరికి ఒప్పుకున్నాడు బావా అన్నాడు. మంచిదేగా అన్నాను.

చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నాడు? వేరే దారి లేక. అన్న కావాలంటే ఆ మాట అనాలి, అన్నాడు. ఆ మాట నాది. పదేళ్లు నేను బయటపెట్టలేకపోయినదాన్ని, ఏ పాపం ఎరగనివాడు తన నెత్తిన వేసుకుని గుమ్మం దాటాడు. ఇప్పుడు కలిసిపోయారుగా, మళ్లీ కదపడం ఎందుకని నాలోంచి ఎవడో చాలా మర్యాదగా అడుగుతున్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. సాయంత్రం చెప్దాం, రేపు చెప్దాం అన్నది వాడే.

నాగేశ్వరరావుకి చెప్తానో లేదో మీకు మాటివ్వలేను. నా మాట విలువెంతో మీరు చూశారు. ఇది మాత్రం రాస్తున్నాను. శీను ఫోన్ చేశాడు. విన్నది నేను. చెప్పనిది నేను.

రాశాక ఒక్క ఊపిరి పూర్తిగా దిగింది. అంతకన్నా అడగడానికి నాకు మొహం లేదు.